అక్క ఇంటికి దారి

మన పత్రికలో కాశీ పోయి వచ్చినవాళ్ళు, శ్రీశైలం పోయి వచ్చినవాళ్ళు రాస్తుంటారు. నేను రాసేది అంత పెద్ద ప్రయాణం కాదు. షోలాపూర్ తూర్పు పేటల నుంచి అక్కల్‌కోట్ రోడ్డు మీద కుంభారి దాకా పోయి వచ్చాను. ఆటోలో పోతే గంట కూడా పట్టదు. కానీ ఆ దారి తెలియక ఒక రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. అది చదివి మీలో పదిమంది తమ ఇంటి గుర్తు సరిచేసుకుంటే చాలు.

నేను నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. మిల్లులో రింగు ఖాతాలో పద్దెనిమిదేళ్ళు చేశాను. 1995లో మా మిల్లు మూతబడ్డాక టవళ్ళ కార్ఖానాలో సాంచలు నడిపాను. ఇప్పుడు అరవై ఆరేళ్ళు, పని మానేశాను. ఫోను సంగతులు నాకు మనుమరాలు చెప్పింది. తప్పులుంటే నావి, ఒప్పులుంటే దానివి.

ముందు పాత రోజుల మాట చెప్తాను. మా నాయిన నల్లగొండ జిల్లా నుంచి పొట్ట చేత పట్టుకుని షోలాపూర్ వచ్చాడు. ఇక్కడ మొదటి మిల్లు 1877లో వచ్చింది. దాన్నే ఇప్పటికీ అందరూ జూనీ మిల్లు అంటారు. దాని వెనక ఇంకా మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట మన వాళ్ళు వచ్చారు. మేము ఉన్న చాళికి నంబరు ఉండేది గానీ ఎవరూ వాడేవాళ్ళు కాదు. "పెద్ద వేపచెట్టు కాడ తిరుగు, నల్లా పక్క గల్లీ, ముకాదం ఇంటి మీదుగా మూడో గది" అంటే ఎవడైనా వచ్చి తలుపు కొట్టేవాడు. దేశం నుంచి ఉత్తరం వస్తే పోస్టుమన్ చాళి మొదట్లో నిలబడి మా నాయిన పేరు పిలిచేవాడు. ఆయన మరాఠీ మనిషి, తెలుగు అక్షరం రాదు. అయినా ఏ కార్డు ఏ గదిదో తప్పేవాడు కాదు.

పిన్ కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. అప్పుడు నేను పిల్లవాణ్ణి. ఒకే పేరుతో నాలుగు ఊళ్ళుంటాయి, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో భాషలో రాస్తారు, ఉత్తరాలు తప్పిపోతున్నాయి అని ఆరు అంకెలు పెట్టారు. మొదటి అంకె చూస్తే ఏ దిక్కుదో తెలుస్తుంది. మన మహారాష్ట్రకు 4, ఆంధ్రకు, తెలంగాణకు, కర్ణాటకకు 5. మా అమ్మకు చదువు రాదు. కానీ "నాలుగుతో మొదలైతే మనది, అయిదుతో మొదలైతే మీ తాతది" అని కార్డులు వేరు చేసేది. ఇంట్లోకి వచ్చిన మొదటి కొత్త రకం అడ్రసు అది. దానికి అలవాటు పడ్డాం. కానీ పిన్ కోడు పోస్టాఫీసు దాకానే తెస్తుంది. అక్కడి నుంచి తలుపు దాకా తెచ్చేది మనిషే.

ఇక మా అక్క సంగతి. అక్క పన్నెండేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టింది. షోలాపూర్‌లో మన ఆడవాళ్ళు ఎన్ని వేలమంది బీడీ మీద బతికారో మీకు చెప్పక్కర లేదు. కుంభారిలో బీడీ కార్మికుల కోసం గోదూతాయి పరుళేకర్ పేరు మీద పదివేల ఇళ్ళు కట్టి 2006లో ఇచ్చారు గదా, అప్పుడు అక్కకు రాలేదు. తర్వాత ఆ కుంభారిలోనే రే నగర్ కట్టారు. మొత్తం 30,000 ఇళ్ళు అనుకున్నారు. 2024 జనవరి 19న ప్రధానమంత్రి వచ్చి మొదటి 15,000 ఇళ్ళు ఇచ్చారు. బీడీ చుట్టేవాళ్ళు, సాంచలు నడిపేవాళ్ళు, చిత్తు కాగితాలు ఏరేవాళ్ళు, డ్రైవర్లు, అందరూ అందులో ఉన్నారు. అక్కకు మేడ మీద ఒక ఇల్లు వచ్చింది. యాభై ఏళ్ళు కిరాయి ఇంట్లో ఉన్న మనిషి, తాళంచెవి చేతిలో పెట్టుకుని ఏడ్చింది.

ఇళ్ళు మంచివే. కానీ కొత్తవాడు అక్కడ దిగితే కళ్ళు తిరుగుతాయి. వరస వెనక వరస, బిల్డింగు వెనక బిల్డింగు, అన్నీ ఒక్క తీరే. చాళిలో అయితే ఒకరి గుమ్మంలో తులసి, ఒకరి గుమ్మంలో మేక, ఏదో ఒక గుర్తు ఉండేది. ఇక్కడ ఒక మనిషి చేతి గుర్తు పడేదాకా అన్నీ ఒకే మగ్గం మీద దిగిన టవళ్ళే. మొదటిసారి పోయినప్పుడు నేనే తప్పు మెట్లెక్కి వేరేవాళ్ళ తలుపు కొట్టాను.

పోయిన ఆషాఢంలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు మా మేనల్లుడు ఫోను చేశాడు.

"మామా, నాయిన మంచం దిగబోయి పడ్డడు. మూతి వంకర పోయింది. మాట వస్తలేదు. అంబులెన్సుకు చెప్పినం, ఇంకా రాలే."

"లొకేషన్ పంపినవా?"

"పంపిన మామా. ఆయన వచ్చిన అంటడు. ఇక్కడ చూస్తే ఎవ్వరు లేరు."

వాన పడుతోంది. అంబులెన్సు డ్రైవరు ఫోనులో చుక్క ఎక్కడ చూపించిందో అక్కడికి సరిగ్గానే వచ్చాడు. ఆ చుక్క అక్క ఇంటి మీద లేదు. మూడు వరసల అవతల పడింది. ఆయన అక్కడ నిలబడి హారన్ కొడుతున్నాడు, వీడు ఇక్కడ టార్చి ఊపుతున్నాడు. మధ్యలో బిల్డింగులు. చీకటి. గోడల మీద నంబర్లు కొన్ని చోట్ల ఉన్నాయి, కొన్ని చోట్ల లేవు. ఇద్దరూ కలిసేసరికి నలభై నిమిషాలు పోయాయి.

బావ బతికాడు. మాట కొంచెం తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పట్టు తప్పింది. బావ పడుగు అతికే మనిషి. తెగిన పోగును చూపుడువేలు, బొటనవేలు మధ్య పట్టి కళ్ళు మూసుకుని ముడి వేసేవాడు. ఇప్పుడు ఆ చేత్తో అన్నం కలుపుకోలేడు. పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇయ్యాలట, ఎంత తొందరగా ఇస్తే అంత మేలట. డాక్టరు ఈ మాట చెప్పినప్పుడు మా మేనల్లుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ నలభై నిమిషాలే కారణం అని నేను అనను. కాదని కూడా అనలేను.

ఆ చుక్క ఎందుకు తప్పింది? ఈ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. బీకాం చదువుతున్న మా మనుమరాలిని కూర్చోబెట్టి అడిగాను. అది ఫోను తీసి నా ముందు పెట్టింది.

"తాతా, ఈ నీలి చుక్క నువ్వు. దాని చుట్టూ లేత నీలం రంగులో గుండ్రంగా ఉంది చూడు. ఫోను చెప్పేది నువ్వు చుక్క మీద ఉన్నావని కాదు, ఈ గుండ్రం లోపల ఎక్కడో ఉన్నావని. గుండ్రం పెద్దగా ఉంటే దానికి సరిగ్గా తెలియదని అర్థం."

"మరి అంత పెద్ద గుండ్రం ఎందుకైతది?"

"ఇంటి లోపల కూర్చుని పంపితే అట్లనే అయితది. సిమెంటు కప్పు కింద సాటిలైట్ సిగ్నలు సరిగ్గ దొరకది. అప్పుడు ఫోను టవర్లను చూసి, చుట్టుపక్కల వైఫైలను చూసి అందాజ చేస్తది."

మా మేనల్లుడు పంపింది ఇంటి లోపల, గోడ పక్కన మంచం కాడ నిలబడి. తండ్రి కింద పడి ఉంటే బయటికి పోయి గుండ్రం చిన్నది అయ్యేదాకా ఎవడు ఆగుతాడు? వాడి తప్పు లేదు. తెలియకపోవడమే తప్పు.

సాటిలైట్ ఎట్లా చెప్తుంది అంటే మనుమరాలు లెక్కలు మొదలుపెట్టింది. నాకు అర్థం కాలేదు. చివరికి నాకు నేనే మిల్లు భోంగాతో అర్థం చేసుకున్నాను. మీకూ అట్లానే చెప్తాను.

షిఫ్టు వేళకు మిల్లు భోంగా కూసేది గుర్తుందా? శబ్దం ఒక కిలోమీటరు పోవడానికి దగ్గర దగ్గర మూడు సెకన్లు పడుతుంది. భోంగా సరిగ్గా ఏడు గంటలకు కూస్తుందని నాకు తెలుసు అనుకోండి. నా గడియారం కూడా సరిగ్గా ఉంది. భోంగా నాకు ఆరు సెకన్లు ఆలస్యంగా వినబడితే నేను మిల్లుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. కానీ ఏ దిక్కున అన్నది తెలియదు. మిల్లు చుట్టూ రెండు కిలోమీటర్ల గుండ్రం గీస్తే దాని మీద ఎక్కడైనా ఉండవచ్చు. షోలాపూర్‌లో ఒక్క మిల్లా? ఇంకో మిల్లు భోంగా కూడా వింటే ఇంకో గుండ్రం. రెండు గుండ్రాలు రెండు చోట్ల తగులుతాయి. మూడో మిల్లు భోంగా వింటే ఒక్క చోటే మిగులుతుంది. అదే నేను నిలబడ్డ చోటు.

సాటిలైట్లు చేసే పని ఇదే. అవి ఆకాశంలో భోంగాలు. "ఇప్పుడు ఇంత టైము అయింది, నేను ఇక్కడ ఉన్నాను" అని ఆగకుండా చెప్తుంటాయి. ఫోను ఆ మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి దూరం కడుతుంది. అమెరికావాళ్ళ జీపీఎస్ సాటిలైట్లు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి మాట వెలుతురు వేగంతో, అంటే సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అందుకని గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా చోటు 300 మీటర్లు తప్పుతుంది. సాటిలైట్లలో అంత గట్టి గడియారాలు పెడతారు. మన ఫోనులో ఉన్న గడియారం అంత గట్టిది కాదు, అందుకే ఫోనుకు కనీసం నాలుగు సాటిలైట్లు వినబడాలి. మూడు చోటుకు, నాలుగోది గడియారం తప్పు సరిచేయడానికి. ఆ జీపీఎస్ పూర్తిగా పనిలోకి వచ్చింది 1995లో అట. మా మిల్లు మూతబడిందీ ఆ ఏడే. కింద భోంగా ఆగిపోయింది, పైన భోంగా మొదలైంది.

మన దేశానికి కూడా సొంతవి ఉన్నాయి. పేరు నావిక్. మొదటి సాటిలైట్ 2013 జులైలో శ్రీహరికోట నుంచి పోయింది. వాటిలో కొన్నింటికి లోపల పెట్టిన గడియారాలు చెడిపోయాయి. గడియారం పోతే అది దారి చెప్పలేదు. తర్వాత మన దేశంలో తయారు చేసిన గడియారం పెట్టి 2023 మే 29న కొత్తది పంపారు. 2025 జనవరి 29న ఇంకొకటి పంపారు. అది శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం. రాకెట్ బాగానే పోయింది గానీ సాటిలైట్‌లో ఒక వాల్వు తెరుచుకోక అది చేరవలసిన ఎత్తుకు చేరలేదు. సాంచ నడిపినవాడిగా నాకు ఇది బాగా అర్థమైంది. యంత్రం అంతా సరిగ్గా ఉన్నా ఒక్క చిన్న భాగం కదలకపోతే బట్ట దిగదు.

ఇవన్నీ బుర్రలో పెట్టుకుని నూలు పున్నమి నాడు అక్క ఇంటికి బయలుదేరాను. ఏటా ఆ రోజు అక్క రాఖీ కడుతుంది. మనుమరాలు కూడా వస్తానంది. పొద్దున మార్కండేయ స్వామి రథం చూశాం. పేటలన్నీ మన వాళ్ళతో నిండిపోయాయి. ఏళ్ళ తరబడి అక్క పాత ఇంటి గుమ్మం మీద నిలబడే రథానికి దండం పెట్టేది. ఈసారి ఆ గుమ్మంలో వేరేవాళ్ళు నిలబడ్డారు. నేను ఆ గుమ్మం ముందు ఒక నిమిషం ఆగి ముందుకు పోయాను.

అశోక్ చౌక్ దాటి ఆటో మాట్లాడుకున్నాం. ఆటోవాడు పాతికేళ్ళ పిల్లవాడు. ఫోను హ్యాండిలు కాడ తగిలించుకున్నాడు. శాంతి చౌక్ మీదుగా అక్కల్‌కోట్ రోడ్డు పట్టాడు. ఎంఐడీసీ దగ్గర కార్ఖానాల్లో పండుగ నాడు కూడా కొన్ని సాంచలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు చెవిన పడితే నాకు ఏ ఫోనూ అక్కర లేదు, ఎక్కడ ఉన్నానో కళ్ళు మూసుకుని చెప్తాను. అది దాటాక కంది చేలు, వాన నీళ్ళు నిలిచిన గుంటలు.

ఆటోవాడితో మాటలు కలిపాను. "రే నగర్ బేరాలు వస్తాయా బాబూ?" అంటే నవ్వాడు.

"వస్తాయి కాకా. రోడ్డు దాకా ఫోను తెస్తది. లోపలికి పోయినంక పిలగాండ్లను అడగాల్సిందే. వాళ్ళ కంటె పెద్ద మ్యాపు లేదు."

ఆ మాట నిజమైంది. రే నగర్ లోపలికి పోయాక ఫోను "మీరు చేరుకున్నారు" అంది. మేము చేరుకోలేదు. ఒక పిల్లగాడు సైకిలు చక్రం దొర్లించుకుంటూ పోతుంటే అక్క పేరు చెప్పాను. "పక్షవాతం తాత ఇల్లా?" అన్నాడు. బావకు కొత్త పేట ఇచ్చిన పేరు అది. గుండెలో ముల్లు గుచ్చినట్టయింది. కానీ వాడు తీసుకుపోయి సరిగ్గా మెట్ల ముందు నిలబెట్టాడు.

అక్క హారతి పళ్ళెం సిద్ధంగా పెట్టుకుంది. "రా తమ్మీ, రథం ఎట్లుండె?" అంది ముందుగా. అంతా చెప్పాను. బావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఎడమ చేత్తో నా భుజం పట్టుకున్నాడు. రాఖీ అయ్యాక, భోజనాలయ్యాక మేము పనిలో దిగాం.

మనుమరాలు చెప్పిన కొత్త వార్త ఏమిటంటే, మన తపాలా శాఖవాళ్ళు 2025 మే 27న డిజిపిన్ అని ఒకటి తెచ్చారు. దాన్ని తయారు చేయడంలో ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవాళ్ళ ఎన్ఆర్ఎస్‌సీ కలిసి పనిచేశాయి. ఆ రెండూ మన తెలంగాణలోనే ఉన్నాయి. పిన్ కోడు ఒక పేటంతటికీ ఒకటే. డిజిపిన్ అట్లా కాదు, నాలుగు మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న ఒక్క గడికి ఒకటి. అంటే మన చాళి గది కంటే కొంచెం పెద్దది.

చద్దరు డిజైను గీసేవాళ్ళు గళ్ళ కాగితం వాడతారు గదా, అది తలుచుకుంటే సులువు. దేశం మొత్తాన్ని ఒక పెద్ద చదరంగా అనుకుని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం పదహారు గళ్ళు చేశారు. ఒక్కో గడికి ఒక అంకెనో ఇంగ్లీషు అక్షరమో పేరు పెట్టారు. మళ్ళీ ఆ ఒక్క గడిని పదహారు చేశారు. దాన్ని మళ్ళీ పదహారు. ఇట్లా పదిసార్లు. పదో సారికి గడి నాలుగు మీటర్లకు వచ్చింది. అందుకని డిజిపిన్‌లో పది గుర్తులు ఉంటాయి. పడుగు పోగు ఎన్నోది, పేక పోగు ఎన్నోది అని చెప్తే బట్ట మీద ఒక్క చుక్క దొరికినట్టు, ఆ పది గుర్తులు చెప్తే నేల మీద ఆ గడి దొరుకుతుంది. అందులో మన పేరు ఉండదు, కులం ఉండదు, ఫోను నంబరు ఉండదు. చోటు ఒక్కటే ఉంటుంది. మామూలు అడ్రసుకు బదులు కాదు, దానికి తోడు.

మేనల్లుడు, మనుమరాలు కిందికి దిగి మెట్ల ముందు ఆకాశం కనబడే చోట నిలబడ్డారు. నేనూ దిగాను. మొదట ఫోనులో నీలి గుండ్రం పెద్దగానే ఉంది. ఒక నిమిషం కదలకుండా నిలబడ్డాం. గుండ్రం చిక్కి చిక్కి చుక్కకు అతుక్కుంది. అప్పుడు తపాలా శాఖ డిజిపిన్ పేజీ తెరిచి చూస్తే పది గుర్తులు వచ్చాయి. మ్యాపులో పెట్టి చూశాం, సరిగ్గా మా మెట్ల మీద పడింది. మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. ఫోను వైపు చాలాసేపు చూశాడు.

"ఆ రాత్రి ఇట్ల బయటికి వచ్చి నిలబడి పంపితే..." అన్నాడు.

"ఆ రాత్రి నీకు తెలియది బిడ్డా," అన్నాను. "ఇప్పుడు తెలిసింది. పదిమందికి చెప్పు."

ఒక సంగతి మిగిలింది. డిజిపిన్ నేల మీది గడి చెప్తుంది గానీ ఎన్నో అంతస్తో చెప్పదు. కింద ఇంటికీ మీద ఇంటికీ అదే డిజిపిన్. అందుకని బిల్డింగు నంబరు, అంతస్తు, ఇంటి నంబరు కూడా రాసుకోవాలి. గోడ మీద చెరిగిపోయిన నంబరు మీద రంగు వేయాలి. ఈ పని ఏ సాటిలైటూ చేయదు. మేనల్లుడు ఎర్ర రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. బావ కిందికి వస్తానన్నాడు. చేయి పట్టి దించాం. "కుంచె ఇయ్యి" అన్నాడు. ఎడమ చేత్తో రాశాడు. అంకెలు వంకరగా వచ్చాయి. ఎంత దూరం నుంచైనా కనబడతాయి.

పక్కింటివాళ్ళు వచ్చారు, ఎదురింటివాళ్ళు వచ్చారు. "మాది కూడా చూడు బిడ్డా" అని మనుమరాలి చుట్టూ చేరారు. సాయంత్రం దాకా పన్నెండు ఇళ్ళ గుర్తులు రాసి ఇచ్చింది. ఒక ముసలామె "ఇది రాస్తే ఇల్లు గుంజుకోరు గదా?" అని అడిగింది. నవ్వకండి, ఆమె భయం ఊరికే రాలేదు, ఎన్ని కాగితాల మీద వేలిముద్రలు వేసి ఎన్ని పోగొట్టుకున్నామో మనకు తెలుసు. డిజిపిన్ ఇంటి హక్కు కాగితం కాదు, ఇల్లు ఎవరిదో అది చెప్పదు, దానితో ఎవరూ ఇవ్వలేరు, తీసుకోలేరు అని మనుమరాలు ఓపికగా చెప్పింది.

లోపలి దారులు మ్యాపులో సరిగ్గా లేవు గదా, దానికి కూడా మందు ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటి ఉంది. 2004లో ఇంగ్లండులో మొదలైంది. దాన్ని మామూలు జనమే గీస్తారు, జనమే దిద్దుతారు. గూగుల్ మ్యాపులో కూడా దారి తప్పుగా ఉంటే, చోటు పేరు లేకపోతే మనం చెప్పవచ్చు, వాళ్ళు చూసి మారుస్తారు. మేనల్లుడు, వాడి స్నేహితులు కలిసి ఆదివారాలు ఒక్కో వరస గీస్తామన్నారు. మన పేటలు మ్యాపులో లేవని కోప్పడుతూ కూర్చుంటే రావు. అక్కడ నడిచేవాళ్ళం మనమే, మనమే రాయాలి.

ఇక మన చదువరులకు నా విన్నపం. నాలుగే మాటలు.

ఒకటి, ఆపద రాకముందే, తీరిక ఉన్న రోజు, ఇంటి బయట ఆకాశం కింద నిలబడి గుండ్రం చిన్నది అయ్యాక మీ ఇంటి చోటు ఫోనులో దాచుకోండి. డిజిపిన్ కూడా తీసుకోండి. రాత్రి రెండు గంటలకు వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

రెండు, ఆ పది గుర్తులు, బిల్డింగు, అంతస్తు, పక్కన ఉన్న గుడో దుకాణమో, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు లోపలి వైపు అంటించండి. ఫోను చార్జింగు లేకపోయినా, ఇంట్లో చిన్న పిల్ల ఒక్కతే ఉన్నా, చూసి చదివి చెప్తుంది.

మూడు, అంబులెన్సు వస్తోందంటే ఒక మనిషి మెయిన్ రోడ్డు మలుపు దాకా పోయి నిలబడాలి. ఎంత మంచి మ్యాపు ఉన్నా ఇది మానవద్దు.

నాలుగు, లైవ్ లొకేషన్ అడిగిన ప్రతివాడికీ పంపవద్దు. వాట్సాప్‌లో అది పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు రకాలుగా ఉంటుంది. పని అయిపోగానే ఆపేయండి. మన ఆడపిల్ల ఎప్పుడు ఎక్కడ తిరుగుతోందో తెలిసే దారి అది. ఇంటివాళ్ళకు మేలు, పరాయివాడి చేతిలో పడితే కీడు.

పొద్దుగూకేటప్పుడు తిరిగి బయలుదేరాం. అక్క మెట్ల దాకా వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నేను తప్పు మెట్లెక్కానని గుర్తు చేసి నవ్వింది. మలుపు కాడ ఆటోలోంచి వెనక్కి చూశాను. అన్ని బిల్డింగులూ ఒక్క తీరే ఉన్నాయి. బావ రాసిన ఎర్ర అంకెలు ఉన్న గోడ మాత్రం కనబడింది.

సంపాదకులకు ఒక మాట. మన పత్రిక అక్క పేరు మీద ఇంకా పాత ఇంటికే పోతోంది. అక్కడివాళ్ళు ఎవరో చదువుకుంటున్నారు, సంతోషమే. ఈ ఉత్తరంతో పాటు కొత్త అడ్రసు రాసి పంపుతున్నాను. పిన్ కోడు రాశాను, కింద డిజిపిన్ రాశాను, దాని కింద "మేడ మీద, గోడ మీద ఎర్ర అంకెలు" అని కూడా రాశాను. వచ్చే నెల పత్రిక చేరిందో లేదో అక్కను అడిగి మీకు తెలియజేస్తాను.